మొదటి పిలుపుకే పలికినవాడు

చీకట్లో చప్పుడైతే మీరు మొదట ఏం చేస్తారు? దండం పెడతారా, లైటు వేస్తారా?

నిజం చెప్పండి. ఇక్కడ మనమే ఉన్నాం.

నేనైతే లైటు వేసేవాణ్ణి. చిన్నప్పటి నుంచీ అంతే. పెద్దయ్యాక అదే నా పని అయింది. పగలు అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ల షాపులో మరమ్మతులు. సెలవు రోజుల్లో సభలు, చర్చలు. నిప్పుల మీద నడవడానికి మహిమ అక్కర్లేదని నడిచి చూపించేవాణ్ణి. నాలుక మీద కర్పూరం వెలిగించుకునేవాణ్ణి. "నాకు తెలిసినాయన కళ్ళారా చూశాడటండీ" అని ఎవరైనా లేస్తే, "ఆ తెలిసినాయన్ని పంపించండి, మీరు కూర్చోండి" అనేవాణ్ణి. జనం నవ్వేవారు. వాళ్ళు నవ్వితే నాకు బాగుండేది.

ఇప్పుడు ఆ తెలిసినాయన్ని నేనే.

ఒట్టు వేయమంటారేమో. ఎవరి మీద వేయను? దేవుడి మీద వేయడానికి నాకు దేవుడు లేడు. కన్నతల్లి మీద వేయడమంటే ఆమెను తాకట్టు పెట్టడమేనని నేనే ఎక్కడో రాశాను. కాబట్టి ఒట్టు లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఒక్క మాట కలపను. నాకు తెలియని చోట తెలియదంటాను. అలాంటి చోటు ఒకటుంది... వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది.

తొంభై తొమ్మిది. ఆ ఏడు చలి మొదలవుతున్న రోజులు. హైటెక్ సిటీ దాటి కొత్తగూడ వైపు వెళ్ళే దారిలో అప్పటికింకా బండలే ఎక్కువ. బండల మధ్య సీతాఫలం పొదలు. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి అద్దాల మేడలు లేస్తున్నాయి. అలాంటి ఒక మేడ దగ్గరికి షాపు ఓనరు నన్ను పంపాడు. ఆరంతస్తులు. ముందువైపు అద్దాలు బిగించేశారు. వెనకవైపు ఇంకా పచ్చి గోడలు, పచ్చి మెట్లు. కింది అంతస్తులో, మెట్ల పక్క గదిలో సైటాఫీసు. అందులో ఒక పాత కంప్యూటరు.

సైటు ఇంజనీరు ప్రసాద్ గారు. గోదావరి జిల్లా మనిషి. స్కూటరు స్టార్టు చేసి ఉంచే మాట్లాడారు.

"ఉన్నట్టుండి ఆగిపోయిందండి. నీలం తెర వచ్చి నిలబడిపోతోంది. మొత్తం తుడిచేసి కొత్త విండోస్ ఎక్కించేయండి. రేపు పొద్దున్నే బిల్డింగు తీసుకునే కంపెనీ వాళ్ళొస్తున్నారు, ఇందులోనే ప్లాన్లు చూపించాలి."

"లోపల ఉన్నవి కాపీ తీసి పెట్టమంటారా?"

"ఏమీ లేవండి అందులో. పాత చెత్తే. ఉంచక్కర్లేదు."

మా పనిలో ఒక అలవాటుంది. డిస్కు తుడిచే ముందు యజమానిని మూడుసార్లు అడుగుతాం. ముచ్చటగా మూడుసార్లు. మొదటిసారి అందరూ ఏమీ లేవనే అంటారు. రెండోసారికి ఆలోచనలో పడతారు. మూడోసారికి పిల్ల ఫొటోనో, ఎవరిదో ఉత్తరమో గుర్తొస్తుంది. ఆ సాయంత్రం నేను ఒక్కసారే అడిగాను. స్కూటరు వెళ్ళిపోయింది.

టీ తాగుదామని బయటికొచ్చాను. గేటు దగ్గర ఒకామె కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఒళ్ళో చిన్న మూట. నన్ను చూసి లేచింది.

"సారూ, కంపూటర్ బాగుజేసే సారువు నువ్వేనా?"

"నేనేనమ్మా."

"అండ్ల పనోళ్ళందరి పేర్లుంటయంట గదా. మా ఆయన పేరు జర సూడు సారూ. కుర్మయ్య. పాలమూరు దిక్కుకెళ్ళి వచ్చిండు. రెండు నెలలాయె, కబురు లేదు. గీడ అడిగితే గసొంటోడు ఎవ్వడు రాలేదంటున్నరు. రాకుంటే యాడికి పోయిండు? గీ పేరు గల్ల బిల్డింగ్‌లనే పని అని చీటీల రాయించి పంపిండు."

చీటీ తీసి చూపించింది. మడతల దగ్గర చిరిగిపోతోంది. అందులో ఆ మేడ పేరే ఉంది.

"గాయన పేరు అండ్ల ఉన్నదని ఒక్కమాట జెప్పు సారూ. ఉంటే నేను ఈడనే కూసుంట, పోలీసులకు గూడ జెప్త. లేకుంటే ఇంకో సైటుకు పోత. ఉన్నడో లేడో తెల్వక పరేషాన్ అయితున్న."

"చూస్తానమ్మా" అన్నాను. "రాత్రికి చూసి పొద్దున చెబుతాను. నీ పేరేంటి?"

"మణెమ్మ. బోరబండల మా ఊరోళ్ళున్నరు. ఆడ పండుకొని పొద్దుగాల్ల వస్త."

నేను ఉండేది కూడా బోరబండలోనే, కిరాయికి. ఆ మాట ఆమెతో అన్నాను. ఆమె ముఖం కొంచెం విప్పారింది. ఎందుకు చెప్పానో తెలియదు. మాటివ్వడంతో ఆగక, ఆమెను ఊరికే నమ్మించాను.

లోపలికొచ్చి పెట్టె మూత విప్పాను. టార్చి పట్టుకోవడానికి మనిషి కావాలి. గేటు దగ్గర వాచ్‌మన్ యాదయ్య ఉన్నాడు, ఇరవై అడుగుల దూరం. గుమ్మంలో నిలబడి పిలిచాను.

"యాదయ్యా!"

పలకలేదు. బీడీ నిప్పు కదిలింది. అంటే వినపడింది.

"యాదయ్యా!"

ఊహూఁ.

"ఏం యాదయ్యా, చెవుడా?"

"ఆఁ... వస్తున్న సారూ!" లేచి వచ్చాడు. నల్లగొండ దిక్కు మనిషి, అరవైకి దగ్గర. "చీకటి పడ్డంక ఒక్క పిలుపుకు ఎవరు పలుకుతరు సారూ? మూడుసార్లు పిలిస్తెనే మనిషి. అది రెండుసార్లే పిలుస్తదంట."

"అదంటే ఏది?"

"గదే సారూ..." అని చుట్టూ చూశాడు.

"మీ దయ్యానికి మూడు దాకా లెక్కపెట్టడం రాదా? బడికి పంపకపోయారా?"

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. ఈ కథలో ఇద్దరం కలిసి నవ్వింది అప్పుడొక్కసారే.

"నాది కాదు సారూ. మా దిక్కు, పాలమూరు దిక్కు అందరి మాట గదే. రాత్రి ఒక్క పిలుపుకు ఎవ్వడు పలుకడు. మా అవ్వ సచ్చేటప్పుడు పిలిస్తె గూడ మూడోసారికే పలికిన."

ఈ మాట గుర్తు పెట్టుకోండి.

యంత్రానికి పసుపు, కుంకుమ. పోయిన దసరాకి పూజ చేసినట్టున్నారు. ఫ్లాపీ పెట్టే చీలికకు సరిగ్గా నట్టనడుమ బొట్టు. బొట్టు పెట్టిన వేలు లోపలికి ఎంత కుంకుమ నెట్టిందో! ఫ్లాపీ పెడితే చదవదు. ఫ్లాపీ చదవకపోతే పని మొదలే కాదు. విప్పి, దూది స్పిరిటులో ముంచి తుడిచాను. దూది ఎర్రగా వచ్చింది. మళ్ళీ తుడిచాను. మళ్ళీ ఎరుపే. నెత్తురు తుడుస్తున్నట్టే ఉందని ఒక ఆలోచన వచ్చిపోయింది. లెక్కచేయలేదు.

నాకు హుషారొచ్చింది. నా ఉపన్యాసానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

"చూశావా యాదయ్యా? బాగా పనిచేయాలని బొట్టు పెట్టారు. ఆ బొట్టే దీని నోరు మూసింది. మన దేశం జబ్బంతా ఈ దూదిలో ఉంది."

"అది కాదు సారూ. గీ పెట్టె రాత్రిళ్ళు కూస్తది."

"కూస్తుందా?"

"పొద్దుగాల్ల హాజ్రీ దీని ముంగటనే అయితుండె. క్లర్క్ సారు ఒక్కో పేరు కొట్టంగనే ఇది కూస్తుండె, గుంపు మేస్త్రీ పేరు పిలుస్తుండె, అవుతల మనిషి 'ఉన్న' అంటుండె. కూత ఇంటెనే లైన్ల తర్వాతోడు తయారు. ఇప్పుడు లేబర్‌ను పంపేసి వారమాయె. గుడిసెలు పీకేసిండ్రు. మరి ఇది ఇంక రాత్రిపూట ఎవరికోసం కూస్తున్నట్టు?"

నేను వివరించాను. యంత్రంలో చిన్న స్పీకరు ఉంటుందని. లోపల ఏ ముక్క వదులైనా అది కూస్తుందని. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా యంత్రం తనంత తాను లేచి కూస్తుందని. అతను ఒప్పుకోలేదు. నేను వదల్లేదు. వాదనలో నాకు ఒక వేగం వస్తుంది. ఎదుటివాడి ప్రతి మాటకూ నా దగ్గర మూడు మాటలు ముందే సిద్ధంగా ఉంటాయి. నోరు వాదిస్తోంది. చేతులు పని చేస్తున్నాయి. ఫ్లాపీ పెట్టాను. తెర వెలిగింది. డిస్కు తుడిచే ఆదేశం కొట్టాను. ఖాయమేనా అని యంత్రం అడిగింది. ఔనని కొట్టాను. తల తిప్పి యాదయ్యతో అన్నాను, "ఉన్నదాన్ని చూడటం నేర్చుకో, లేనిదాన్ని కాదు."

తెర మీద అంకెలు నడుస్తున్నాయి. నూటికి పది. ఇరవై. నేను మాట్లాడుతూనే ఉన్నాను. యాభై. డెబ్బై.

యాదయ్య తెర వైపు చూసి మెల్లగా అన్నాడు.

"మరి... మణెమ్మ పెనిమిటి పేరు జూసినవా సారూ?"

తొంభై ఒకటి.

నేను మరిచిపోయాను.

ఇంతకంటే భయంకరమైన మాట నాకు తెలియదు. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఎవరూ లంచం ఇవ్వలేదు. దయ్యం లేదని ఒక ముసలాయనకు నిరూపిస్తూ... మరిచిపోయాను. మీట నొక్కి ఆపొచ్చు. నొక్కలేదు. తొంభై అయిదు. తొంభై తొమ్మిది. నూరు.

ఇక్కడొక సంగతి మీకు చెప్పాలి. తెలియనట్టు దాటేస్తే ఇది మొత్తం అబద్ధమవుతుంది. డిస్కు తుడిచినంత మాత్రాన లోపలివి వెంటనే చావవు. పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు, అంతే. పేజీలు అక్కడే ఉంటాయి. వాటి మీద కొత్తది రాసేదాకా ఉంటాయి. రాసేకొద్దీ పోతుంటాయి. పాత పేజీలు వెతికి తీసే ఫ్లాపీ ఒకటి మా షాపులో ఉంది. అంటే కుర్మయ్య పేరు, అందులో ఉండి ఉంటే, ఇంకా ఉంది. నేను డిస్కు విప్పి సంచిలో వేసుకుని వెళ్ళిపోతే చాలు.

యాదయ్యకు ఇది చెప్పాను.

"అయితె తీస్కపో సారూ! ఇంజనీరు సారుకు కాలేదని చెప్పు. ఏమైతది? తిడ్తడు. తిట్టని."

"ముందు ఒకసారి ప్రయత్నించి చూస్తాను" అన్నాను. పొద్దున్నకల్లా కావాలన్నారు కదా. ఒప్పుకున్న పని కదా. వెనక్కి వెళ్ళి చేతకాలేదని ఎలా చెప్పను?

సీడీ పెట్టాను. కొత్తది ఎక్కడం మొదలైంది. డిస్కు గరగర తిరుగుతోంది. నీలి గీత మెల్లగా కుడివైపుకు పాకుతోంది. ఆ గర్ర్... గర్ర్... చప్పుడు తప్ప ఏమీ లేదు. బయట బండల మీద ఎక్కడో కీచురాళ్ళు.

గీత సగం దాటి ఆగిపోయింది.

డిస్కు చప్పుడు ఆగింది. తెర మీద బాణం కదలదు.

అప్పుడు యంత్రం ఒక్కసారి కూసింది. సన్నగా. "బీప్."

తర్వాత...

పైనుంచి.

"ఉన్న."

మగగొంతు. గట్టిగా లేదు. అరుపు కాదు. బడిలో పిల్లవాడు హాజరు పలికినట్టు, పనిమనిషి యజమానికి పలికినట్టు. ఆలస్యం చేయకుండా. మెట్ల గుండా కిందికి దిగి వచ్చింది.

నేను యాదయ్య వైపు చూశాను. అతను తన నోటి మీద తానే చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. గట్టిగా. ఎక్కడ తనే పలుకుతాడో అన్నట్టు.

"పైన ఎవరున్నారు?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. ఎవరూ లేరని.

"పడుకున్నవాడు ఎవడో. పాత లేబరు. చప్పుడు విని నిద్రలో పలికాడు."

చెయ్యి తీయకుండానే, వేళ్ళ సందుల్లోంచి అన్నాడు. "ఒక్క పిలుపుకా సారూ? రాత్రిపూట?"

నా దగ్గర మూడు మాటలు సిద్ధంగా ఉంటాయన్నాను కదా. వాటిని వదిలి స్క్రూడ్రైవరు అందుకున్నాను.

సరే. యంత్రం ఆగిందంటే కారణం ఉంటుంది. మెమరీ ముక్కలు పీకాను. వాటి బంగారు పళ్ళను రబ్బరుతో రుద్దాను. ఊదాను. మళ్ళీ బిగించాను. మొదటి నుంచి మొదలుపెట్టాను. చేతులు వణకలేదు. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. గుండె కూడా కొట్టుకోలేదు సరిగా. చలిలో చాలాసేపు బకెట్ నీళ్ళలో చెయ్యి పెడితే ఎలా ఉంటుంది... చెయ్యి ఉంటుంది, కనిపిస్తుంది, మనది కాదు. మనిషి మొత్తం అలా ఉన్నాను.

నీలి గీత పాకింది. అదే చోట ఆగింది.

బీప్.

"ఉన్న."

అదే గొంతు. అదే దూరం. ఒక్క రవ్వ ఎక్కువా లేదు, తక్కువా లేదు.

నేను లేచాను. టార్చి తీసుకున్నాను. "పోకు సారూ" అని యాదయ్య చొక్కా పట్టుకున్నాడు. విడిపించుకున్నాను. ఇన్నేళ్ళు సభల్లో చెప్పిందేమిటి? చప్పుడైతే వెళ్ళి చూడమని. లైటు వేయమని.

మెట్లకు రెయిలింగు లేదు. గోడ తడుముకుంటూ ఎక్కాను. టార్చి మెట్ల మీదే వేసుకున్నాను. మొదటి అంతస్తు. తడి సిమెంటు వాసన. రెండో అంతస్తు. ఎక్కడో నీటిచుక్క పడుతోంది, ట్టప్... చాలాసేపటికి మళ్ళీ ట్టప్. మూడో అంతస్తు. గొంతు ఇక్కడినుంచే అనుకున్నాను. లిఫ్టు కోసం వదిలిన గొయ్యి ఎక్కడుందో తెలియదు. మడమ కింద ఇసుక కరకరమంది. ఆగాను. టార్చి ఆర్పాను, వినడానికి.

బీడీ వాసన.

అయి ఉండొచ్చు. యాదయ్యది నా చొక్కాకు అంటుకుని ఉండొచ్చు.

చీకట్లో నా ముందు ఖాళీ ఉంది. ఖాళీ అని ఎలా తెలిసింది? తెలియదు. చూడలేదు కదా. బొటనవేలు టార్చి మీట మీదే ఉంది. నొక్కితే చాలు. అటు ఎవరూ లేకపోతే దిగిపోతాను. ఎవరైనా ఉంటే...

ఉంటే ఏమని అడగాలి? నీ పేరేంటనే కదా. పేరు చెబితే? దేనిలో చూసి ఔననాలి?

కుర్మయ్యా అని పిలుద్దామనిపించింది. నాలుక దాకా వచ్చింది. పిలవలేదు. పలుకుతాడని భయపడి కాదు. పలికితే నా దగ్గర చెప్పడానికి ఏముంది అని.

మీట నొక్కలేదు.

జీవితంలో ఒక్కసారి. చీకట్లో గోడ తడుముకుంటూ దిగాను. లైటు వేయని మెట్లు అరవై పైనే ఉంటాయి.

కింద యాదయ్య డిస్కు వైపు వేలు చూపిస్తూ ఒకటే మాట అంటున్నాడు. "తీస్కపో సారూ. దండం పెడ్త. నువ్వన్నవు గదా, ఇంక అండ్ల ఉన్నదని. దయ్యం లేకుంటె లేకపోని. ఆమె ఉన్నది గదా, పొద్దుగాల్ల వస్తది గదా."

అతను చెప్పింది హేతువు. ఆ గదిలో ఆ రాత్రి హేతువాది అతనే.

నాకు అర్థమైంది. కానీ ఇప్పుడు ఆపితే దేనికోసం ఆపినట్టు? గొంతు విని ఆపినట్టు. రేపు యాదయ్య పదిమందికి చెబుతాడు, దయ్యాల్లేవనే సారు దయ్యానికి భయపడి పెట్టె విప్పుకుని పారిపోయాడని. ఆ ఆలోచన నాకు ఎంత స్పష్టంగా ఉందంటే, మణెమ్మ ముఖం అంత స్పష్టంగా లేదు.

కేబుల్ మార్చి మూడోసారి మొదలుపెట్టాను. అదే చోట ఆగింది. బీప్. ఈసారి నేను రెండు చేతులతో చెవులు మూసుకున్నాను. పలికిందో లేదో నాకు తెలియదు. ఇదిగో, తెలియదంటానన్న చోటు ఇదే.

నాలుగోసారి, లోపల ఉన్న పాత మోడెం కార్డు పీకి పక్కన పెట్టాను. ముసలి యంత్రాల్లో ఇలాంటి కార్డులే అడ్డం పడుతుంటాయి. నీలి గీత పాకింది. సగం దాటింది. ఆగలేదు. చివరిదాకా వెళ్ళింది. విండోస్ మబ్బుల బొమ్మ వచ్చింది. ఏ కూతా లేదు. పైనుంచి ఏ గొంతూ లేదు.

కారణం కార్డే అనుకున్నాను. వారం తర్వాత దాన్ని షాపులో వేరే యంత్రంలో పెట్టి చూశాను. చక్కగా పనిచేసింది.

తెల్లారింది. ప్రసాద్ గారొచ్చారు. తెర చూసి మురిసిపోయారు. "శభాషండి. పాతదేమీ రాదు కదండి ఇంక?"

"రాదు" అన్నాను.

యాదయ్యను పక్కకు పిలిచాను. ఒక్కసారికే పలికాడు, పగలు కదా. "రాత్రి నువ్వు విన్నావు కదా?" అన్నాను.

ఇంజనీరు స్కూటరు వైపు చూసి, నేల వైపు చూశాడు. "నేనేం వినలే సారూ. నిద్రల ఉన్న."

గేటు దగ్గర మణెమ్మ. తల దువ్వుకుని, మొహం కడుక్కుని వచ్చింది. మూట పక్కన పెట్టి లేచింది.

"కానొచ్చిందా సారూ పేరు?"

నేను ఇచ్చిన జవాబు అక్షరాలా నిజం. అందులో ఒక్క అబద్ధం లేదు. ఏ సభలోనైనా నిలబెట్టగలను.

"లేదమ్మా. అందులో ఆ పేరు లేదు."

"మంచిగ జూసినవా?"

"చూశాను."

ఇది అబద్ధం.

ఆమె మేడ వైపు చూసింది, పై అంతస్తుల వైపు. ఎండ అద్దాల మీద పడుతోంది.

"పేరుంటే దొరికేటోడే సారూ. ఆయనకొక బీమారి ఉండె. ఒక్క పిలుపుకే పలుకుతడు. నడిరాత్రి కుక్క మొరిగినా 'ఉన్న' అని లేస్తడు. రాత్రిపూట గట్ల పలుకకయ్యా, మూడోసారికి పలుకు అని ఎన్ని తీర్ల జెప్పిన. వింటడా? 'మొదటిసారికి పలుకకుంటె మేస్త్రీ గైర్హాజర్ రాస్తడే పిచ్చిదానా' అంటుండె. ఊర్లె అందరు నవ్వుతుండిరి."

మూట చంకలో పెట్టుకుంది.

"ఇంకో సైటుకు పోయి అడుగుత సారూ. ఉంట మరి."

రోడ్డు దాటి వెళ్ళింది. ఆమెను వెనక్కి పిలవాలి. ఒక్క పిలుపు. పిలిస్తే పలికేది, పగలే కదా. నేను పిలవలేదు. ఆమె ఊరేదో కూడా నేను అడగలేదని బస్సు ఎక్కాక గుర్తొచ్చింది. బోరబండలో ఏ గల్లీ అని కూడా అడగలేదు. తర్వాత ఆ గల్లీలన్నీ తిరిగాను. పాలమూరు వాళ్ళు కనిపించిన ప్రతిచోటా అడిగాను. రైలు స్టేషను దగ్గర పొద్దున్నే కూలి అడ్డా మీద నిలబడే వాళ్ళనూ అడిగాను. మణెమ్మలు చాలామంది ఉన్నారు. ఆమె లేదు. ఆ పాత యంత్రాన్ని అమ్మేశారు. యాదయ్య నౌకరి మానేసి వెళ్ళిపోయాడు. మేడలో ఇప్పుడు వందల మంది పనిచేస్తున్నారు.

ఆ గొంతు ఏమిటి? నిద్రలో పలికిన కూలివాడా? యాదయ్యే నోరు మూసుకుని పలికాడా? లిఫ్టు గోతిలోంచి ఎక్కడిదో ప్రతిధ్వనా? అలసిన నా చెవా? ఇవన్నీ నేనే వేదిక మీద చెప్పే కారణాలు. మరొకడి కథైతే ఒకటి ఎంచి వాడి ముఖాన కొట్టేవాణ్ణి. నా కథకు ఏదీ అతకడం లేదు. దయ్యాలున్నాయని ఈ రోజుకీ అనను. అది తేలిక. అలా అంటే తప్పు దయ్యం మీదికి పోతుంది. నాకు తెలిసింది ఒక్కటే. దయ్యం లేదని నిరూపించే పంతంలో ఒక మనిషి లేడని నిరూపించాను.

అప్పటి నుంచి నాకు భయం వేయలేదు. ఏడుపూ రాలేదు. సభలకు ఇంకా వెళుతున్నాను. కర్పూరం వెలిగించుకుంటే నాలుక కాలుతోందో లేదో ఈమధ్య తెలియడం లేదు.

మీరిప్పుడు వాదించకండి. నన్ను ఓదార్చకండి కూడా. మీ చేతి కింద ఏదో ఒక జాబితా ఉంటుంది. పనివాళ్ళదో, అద్దెకున్న వాళ్ళదో, బడి పిల్లలదో. యంత్రంలోనో, కాగితం మీదో. ఏదో ఒకరోజు పాత చెత్త అని దాన్ని తీసేయమంటారు. తీసేసే ముందు పేర్లు చదవండి. మనసులో కాదు, పైకి. ఒక్కొక్కటీ గట్టిగా పిలవండి. పిలిచాక వెంటనే రెండో పేరుకు వెళ్ళకండి.

ఆగండి. లైటు వేసి, వినండి.